మూడో నెల కొలతలు

మా ల్యాబ్‌లో ఒక అలవాటు ఉంది. ఒంటికి కట్టుకునే యాంటెన్నాని ఎవరు తయారుచేస్తే వాళ్ళే ముందు కట్టుకుని చూడాలి. ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదిది. మా గైడ్ గారు ఎప్పుడో ఒకసారి, "కూర వండినామె ముందు ఉప్పు చూసుకోవాలి గదమ్మా" అన్నారు. అప్పటినుంచి అలాగే జరుగుతోంది. నాకంటే ముందు పరిశోధనలో చేరినతను మణికట్టు యాంటెన్నా చేశాడు, దాన్ని గడియారంలా పెట్టుకుని నెలల తరబడి తిరిగాడు. నా వంతు వచ్చేసరికి అది నడుము బెల్టు అయింది.

నేను చేసింది నూలు గుడ్డ యాంటెన్నా. ఈ మాట చెబితే బంధువులు నవ్వేవాళ్ళు. యాంటెన్నా అంటే వాళ్ళకి డాబా మీద కర్రకి బిగించిన అల్యూమినియం పుల్లలే. నాది రెండు పొరల మందపాటి నూలు బెల్టు. దాని మీద రాగి పూత పూసిన గుడ్డ ముక్కని చతురస్రంగా కత్తిరించి కుట్టాను. బెల్టులో ఉండే చిన్న పరికరం ఒంటి వేడినీ, నాడినీ చూసుకుంటుంది. ఆ కబురుని యాంటెన్నా కూలీల మేస్త్రి ఫోనుకి అందిస్తుంది. మిరప కోతల్లో, కల్లాల్లో ఎండకి సొమ్మసిల్లిపోయే ఆడవాళ్ళ కోసం మొదలుపెట్టిన పని అది. పడిపోయాక నీళ్ళు చల్లడం కంటే పడిపోకముందే నీడకి పిలవడం మేలని మా ఆలోచన.

నేను గుంటూరు అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, మిగిలిన వేళల్లో పిహెచ్‌డి చేస్తుండేదాన్ని. మా ప్రాజెక్టులో వేరే రాష్ట్రంలోని ఒక పెద్ద పరిశోధన సంస్థ కూడా భాగస్వామి. వాళ్ళు కంప్యూటర్‌లో లెక్కలు కట్టేవాళ్ళు, మేం కుట్టి, కట్టి, కొలిచేవాళ్ళం. వాళ్ళ లెక్క, మా కొలత కలిస్తే ప్రత్తిపాడు వైపు ఒక ఊళ్ళో మిరప కల్లంలో అసలు పరీక్ష. ఆ పరీక్ష అయితేనే నా థీసిస్‌లో చివరి అధ్యాయం. అప్పటికే ఒకసారి గడువు పొడిగించుకుని ఉన్నాను, మళ్ళీ అడిగితే ఇచ్చేవాళ్ళు లేరు. ఆ కొలతలు స్వయంగా చూడటానికి వాళ్ళ శాస్త్రవేత్త ఒకావిడ ఫిబ్రవరిలో వస్తానన్నారు.

ఆ ఫిబ్రవరిలో నాకు మూడో నెల.

ముందటేడు కూడా ఒకసారి మూడో నెల దాకా వచ్చి పోయింది. మాది క్రైస్తవ కుటుంబం. మా అత్తయ్య పల్లెటూరి బడిలో టీచరుగా చేసి రిటైరైన మనిషి, చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. నాకు నెల తప్పిందని తెలిసిన ఆదివారమే ఆవిడ లేచి నిలబడి దేవుడు చేసిన మేలుకి కన్నీళ్ళతో సాక్ష్యం చెప్పి, అందరినీ ప్రార్థన చెయ్యమని అడిగింది. చేశారు. కొద్దివారాలకి అంతా అయిపోయింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం చర్చి మెట్ల మీద ఎవరో ఒకరు నా చెయ్యి పట్టుకుని, "ఎన్నో నెలమ్మా?" అనేవాళ్ళు. పోయిందని వాళ్ళకి తెలియక అడిగినదే. ఆ మెట్లు తప్పించుకోవడానికి నేను పక్క తలుపునుంచి వెళ్ళడం మొదలుపెట్టాను.

డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. ఇలాంటివి చాలామందికి జరుగుతాయి, నువ్వు చేసిందేమీ లేదు, చెయ్యకుండా ఉన్నదీ ఏమీ లేదు అని. అత్తయ్య పక్కనే కూర్చుని తల ఊపింది. ఇంటికొచ్చాక ఒకే ఒక్క మాట అంది.

"ఆ తరంగాల మధ్య కూర్చుంటే ఎట్టా నిలబడుద్ది అమ్మాయ్?"

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను యాంటెన్నాలు చదువుకున్నదాన్ని. ఎనలైజర్ అనే మా కొలత యంత్రం నా బెల్టుకి పంపేది వెయ్యో వంతు వాటు శక్తి. మనం చెవికి ఆనించుకుని గంటలు గంటలు మాట్లాడే ఫోను అంతకంటే చాలా ఎక్కువ పంపుతుంది. ఇవన్నీ ఆవిడకి బోర్డు మీద పాఠంలా చెప్పాను. ఆవిడ టీచరు కాబట్టి శ్రద్ధగా విన్నది. చివర్లో, "సరేలే" అంది. ఆ సరేలే నాలోపలికి వచ్చి కూర్చుంది. పగలంతా దాన్ని లెక్కలతో తరిమేదాన్ని. బస్సులో కిటికీ పక్కన ఒంటరిగా కూర్చున్నప్పుడు మళ్ళీ వచ్చేది.

ఈసారి నెల తప్పాక అత్తయ్యా, మా ఆయనా, నేనూ ముగ్గురం ఒక మాట అనుకున్నాం. ఐదో నెల వచ్చేదాకా ఎవరికీ చెప్పకూడదు. చర్చిలో చెప్పకూడదు, కాలేజీలో చెప్పకూడదు, ఆఖరికి మా అమ్మకి కూడా చెప్పకూడదు. మా ఆయన చీమకుర్తిలో ఒక గ్రానైటు కటింగ్ యూనిట్ ఆఫీసులో పనిచేసేవారు, శనివారాలు వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోయేవారు. అంచేత వారమంతా ఇంట్లో ఈ సంగతి తెలిసిన మనుషులం ఇద్దరమే. నేను బాత్రూంలోకి వెళితే అత్తయ్య వంటింట్లో గిన్నెల చప్పుడు ఆపేసేది. నేను బయటికొచ్చి మామూలుగా ముఖం పెడితే మళ్ళీ గిన్నెలు మోగేవి. మా భయం అలా గిన్నెల్లో వినపడేది. మేం మాత్రం దాని గురించి పైకి ఒక్క ముక్క మాట్లాడుకోలేదు.

బెల్టు కట్టుకోవలసిన అవసరం రాకుండా నేను ముందే ఏర్పాటు చేసుకున్నాను. మనిషి ఒంటికి బదులు వాడటానికి మేం ఒక బొమ్మ ఒళ్ళు తయారుచేస్తాం. నీళ్ళు, ఉప్పు, పంచదార, చైనా గ్రాస్. వీటిని తగుపాళ్ళలో కాచి చల్లారిస్తే గట్టి జెల్లీలా అవుతుంది. మన కండ తరంగాలని ఎంత మింగుతుందో అది కూడా ఇంచుమించు అంతే మింగుతుంది. కాలేజీ హాస్టలు వంటవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి పెద్ద డేగిసా సంపాదించి, గరిట తిప్పీ తిప్పీ చేతులు నొప్పి పుట్టేదాకా కాచి, నడుము ఆకారం ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పోశాను. నా పాయసాలు ఎప్పుడూ అంత నున్నగా రాలేదు. దాన్ని ల్యాబ్‌లో బల్ల మీద పెట్టి మూత వేసి, ధీమాగా ఇంటికి వెళ్ళాను. ఆ శాస్త్రవేత్త వచ్చేది మర్నాడే.

పొద్దున్న తలుపు తీసేసరికి బల్ల కాళ్ళ వెంబడి నల్లటి తాడు కదులుతున్నట్టు కనిపించింది. చీమలు. పంచదార పోసి కాచినదాన్ని బల్ల మీద పెట్టి, బల్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టకుండా వెళ్ళడమేమిటో! మా ఇంట్లో బెల్లం డబ్బాకి చూపించే జాగ్రత్త కూడా దానికి చూపించలేదు. జెల్లీ అంచులన్నీ తొలిచేసి ఉన్నాయి, మధ్యలో బీట పడింది. మా ల్యాబ్ అటెండరు చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. మామూలుగా అయితే నేనూ నవ్వేదాన్నే. ఆ పూట గడియారం చూశాను.

మళ్ళీ కాచి, గట్టిపడనిచ్చి, సరిచూసేంత వ్యవధి లేదు. వచ్చినావిడ మర్నాడు మధ్యాహ్నమే తిరుగు ప్రయాణం. ఆవిడ మంచి మనిషి, మితభాషి. తెలుగు రాదు, ఇంగ్లీషులో నెమ్మదిగా మాట్లాడేది. చీమలు పట్టిన నడుముని చూసి చిన్నగా నవ్వి, మీ దగ్గర మనుషుల మీదే కొలుస్తారని విన్నాను, అదే ఇంకా నయం కదా అంది.

గైడ్ గారు నా వైపు తిరిగారు. "ఏమ్మా, ఇంకేం ఆలోచిస్తున్నావ్? ఎప్పుడూ నువ్వేగా. కట్టుకో."

అప్పుడు నోరు విప్పి చెప్పి ఉండవచ్చు. ఆయన ఇద్దరు కూతుళ్ళ తండ్రి, అర్థం చేసుకునేవారే. పైగా కల్లంలో చెయ్యబోయే పరీక్షకి గర్భిణులు రాకూడదని మేమే నియమం రాసుకున్నాం. ప్రమాదం ఉందని కాదు, ఎక్కడైనా అలా రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాం. ఆ వాక్యం టైపు చేసింది నేనే. కానీ అలా చెబితే సాయంత్రానికల్లా స్టాఫ్ రూమంతా పాకుతుంది. పదిమందీ అభినందనలు చెబుతారు. మళ్ళీ ఏదైనా జరిగితే ఆ పదిమందీ మళ్ళీ నా చెయ్యి పట్టుకుంటారు. ఆ చేతులు తలుచుకుంటే బెల్టే తేలిక అనిపించింది.

ఇంకొక సంగతి కూడా ఉంది. నేను కట్టుకోవడానికి భయపడే దాన్ని ఊళ్ళో కూలీ ఆడవాళ్ళ నడుముకి ఏ ముఖం పెట్టుకుని కడతాను? నడుం నొప్పి అనో, ఒంట్లో బాలేదు అనో అబద్ధం చెప్పి తప్పించుకుంటే నా లెక్కలని నేనే నమ్మనట్టు. నమ్ముతున్నాను. కాగితం మీద పూర్తిగా నమ్ముతున్నాను.

లోపలికి వెళ్ళి కట్టుకున్నాను.

మా కొలతల గది చిన్నది. గోడలకీ, పైకప్పుకీ నీలిరంగు స్పాంజి ముళ్ళు అతికించి ఉంటాయి, తరంగాలు తగిలి వెనక్కి రాకుండా. మాటలు కూడా వెనక్కి రావు. లోపల గొంతు సవరించుకున్నా ఎవరో నోరు మూసినట్టే ఉంటుంది. మధ్యలో తిరిగే స్టూలు. దాని మీద కూర్చుంటే బయటినుంచి మోటారు నడుపుతారు, మనం నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతాం. కదలకూడదు. ఊపిరి కూడా సమంగా తీసుకోవాలి. పొట్ట పైకీ కిందికీ ఊగితే బయట తెర మీద కొలత గీత వణుకుతుంది.

తలుపు మూసుకుంది. బెల్టుకి తగిలించిన కేబుల్ నా పక్కనుంచి వెనక్కి వెళ్ళింది. అదే గదిలో నేను అంతకుముందు ఎన్నోసార్లు కూర్చున్నాను. కూర్చుని కూరల లిస్టు తలుచుకున్నాను, ఒకసారి కునుకు కూడా తీశాను. ఆ రోజు మాత్రం రాగి గుడ్డ నా పొట్టకి ఎక్కడ తగులుతోందో, దాని ప్రతి మూలా తెలుస్తోంది. బొడ్డుకి కాస్త కింద. అక్కడే. వెయ్యో వంతు వాటు అని లోపల అనుకున్నాను. అందులోనూ ఎక్కువ భాగం బయటికే పోతుంది, వెనకవైపు గుడ్డ పొర అడ్డం ఉంది అనుకున్నాను. నేనే గీసిన బొమ్మ, నేనే కట్టిన లెక్క. ఆ లెక్క కింద ఇంకొక గొంతు, "ఎట్టా నిలబడుద్ది అమ్మాయ్" అంటూనే ఉంది. ప్రభువా, ప్రభువా అనుకుంటూ స్టూలుతోపాటు తిరిగాను. చెమటలు కారిపోయాయి. బయట వాళ్ళకి ఆ చెమట బ్రహ్మాండంగా పనికొచ్చింది. నూలు గుడ్డ తడిస్తే యాంటెన్నా శ్రుతి, అంటే అది పనిచేసే పౌనఃపున్యం, ఎంత కిందికి దిగుతుందో చూడటానికి మేం ఉప్పునీళ్ళు చల్లుదామనుకున్నాం. ఆ అవసరమే లేకపోయింది.

తలుపు తీశాక గైడ్ గారి ముఖం వెలిగిపోతోంది. "కలిసిందమ్మా! లెక్కా కొలతా గీత మీద గీత!" అన్నారు. వచ్చినావిడ నా చెయ్యి పట్టుకుని ఊపింది. నేను నవ్వాననే అనుకుంటున్నాను.

మర్నాడు సాయంత్రం బాత్రూంలో ఎర్రటి మరక కనిపించింది.

గోడ పట్టుకుని నిలబడిపోయాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఎంతసేపటికీ నేను రాకపోయేసరికి అత్తయ్య తలుపు దగ్గరికొచ్చి, "అమ్మాయ్" అంది. తలుపు తీశాను. నా ముఖం చూసి ఇంకేమీ అడగలేదు. ఆటోలో కూర్చున్నాక, కొత్తపేట సందులన్నీ దాటుతూండగా, ఎదుటి సీటు వైపు చూస్తూ అడిగింది.

"నిన్న కట్టుకున్నావా?"

"కట్టుకున్నాను అత్తయ్యా."

ఆవిడ కళ్ళు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. అది ప్రార్థనో, నా మీద కోపమో తెలుసుకునే ధైర్యం నాకు లేదు. తిట్టి ఉంటే బాగుండేది. తిడితే నేను వాటులూ వంతులూ చెప్పి పోట్లాడేదాన్ని. ఆ నిశ్శబ్దంలో నన్ను నేనే తిట్టుకున్నాను. ఏం ముంచుకుపోయిందని కట్టుకున్నావే, థీసిస్ కోసమా, పరువు కోసమా అని.

స్కానింగులో గుండె కొట్టుకుంటోంది. డాక్టరమ్మ తెర తిప్పి చూపించింది. చిన్న మినుకు, ఆగకుండా. అలాంటి మరకలు కొందరికి వస్తాయని, కొన్నాళ్ళు మంచం దిగవద్దని చెప్పింది. నేను సిగ్గు విడిచి బెల్టు సంగతి చెప్పాను. ఆవిడ పూర్తిగా విని, దానికీ దీనికీ సంబంధం లేదంది. నువ్వే చదువుకున్నావుగా అని కూడా అంది. అవును, నేనే చదువుకున్నాను. అందుకే నాకు ఎవరు చెప్పినా ఊరట కలగలేదు. నాకు తెలియనిది ఎవరైనా చెబితే కదా ఊరట.

కల్లంలో పరీక్ష ఆ వచ్చే వారమే. మిరప కోతలు అయిపోతే కూలీల ముఠాలు వేరే ఊళ్ళకి వెళ్ళిపోతాయి, మళ్ళీ ఏడాది దాకా అంతే. ఆ ఊరు అత్తయ్య పాతికేళ్ళు పాఠాలు చెప్పిన ఊరు. అక్కడి కూలీ ఆడవాళ్ళలో సగంమంది ఆవిడ దగ్గర అఆలు దిద్దినవాళ్ళు. అసలు వాళ్ళు ఒప్పుకున్నది నా యాంటెన్నాని చూసి కాదు, టీచరమ్మ గారి మాట మీద. సంక్రాంతి ముందు మేం వెళ్ళి మాట్లాడినప్పుడు ఆవిడే వాళ్ళకి హామీ ఇచ్చింది, "ఏం కాదమ్మా, మా కోడలు చేసిందేగా" అని. ఇంట్లో నన్ను తరంగాల మధ్య కూర్చోవద్దన్న మనిషి అక్కడ అలా అనడం చూసి నాకు అప్పట్లో లోలోపల నవ్వొచ్చింది.

ఇప్పుడు నవ్వు రాలేదు. ఆవిడ ఇప్పుడు అదే మాట వాళ్ళతో మళ్ళీ అంటుందా? వద్దు తల్లీ, మా ఇంట్లోనే ఇట్టా అయింది అంటే నేను కాదనగలనా? గైడ్ గారికి ఫోన్ చేసి జ్వరమని చెప్పాను. నువ్వు లేకపోయినా మేం చేస్తాంలే, మీ అత్తగారు ఒక్కరు వస్తే చాలు, ఆవిడ లేకపోతే ఆ ఆడవాళ్ళు బెల్టు ముట్టరు అన్నారు. ఆ మాట అత్తయ్యకి చెప్పాను. ఆవిడ మంచం పక్కన నిలబడి నా దుప్పటి సర్దుతోంది.

"సరేలే" అంది.

మళ్ళీ అదే సరేలే.

పరీక్ష రోజు పొద్దున్నే కాలేజీ జీపు వచ్చి ఆవిడని ఎక్కించుకుని వెళ్ళింది. పక్కింటామె నాకు కాపలా కూర్చుంది. జ్వరం మనిషినని అనుకుని గంటకోసారి నుదురు ముట్టుకుని, "తగ్గినట్టే ఉందే" అనేది. నేను ఫోను గుండెల మీద పెట్టుకుని పడుకున్నాను. ఒక పక్క కడుపులో ఏ చిన్న నొప్పి వచ్చినా ఒళ్ళు చల్లబడేది. ఇంకో పక్క ఆ కల్లంలో ఏం జరుగుతోందోనని దడ. అత్తయ్య వద్దంటే నా చదువు పోతుంది. సరేనంటే, ఆ ఆడవాళ్ళలో నాలాగే ఎవరైనా బయటికి చెప్పకుండా దాచుకున్నవాళ్ళు ఉంటే? నేను దాచుకోలేదా? నియమం రాసినదాన్నే కట్టుకున్నాను కదా, రోజు కూలి దక్కుతుందని కట్టుకునేవాళ్ళు ఉండరా? ఈ ఆలోచన రాగానే మంచం మీద లేచి కూర్చున్నాను. పక్కింటామె కంగారుపడి మళ్ళీ పడుకోబెట్టింది.

గైడ్ గారికి ఫోన్ చేశాను. మోగీ మోగీ ఆగిపోయింది. మధ్యాహ్నం దాటాక ఆయనే చేశారు. గొంతులో నవ్వు.

"మీ అత్తగారు మామూలు మనిషి కాదమ్మా. ఆడవాళ్ళందరినీ వరసగా కూర్చోబెట్టింది. ఎవరికన్నా నెల తప్పున్నా, ఒంట్లో బాగోకపోయినా లేచి పక్కకి పొండి, కూలి నేనిప్పిస్తా, ఎందుకని ఎవ్వరూ అడగరు అంది. ఇద్దరు లేచారు. ఆ ఇద్దరి బదులు ఒక బెల్టు తనే కట్టుకుంది. ఎండలో కల్లంలోనే కూర్చుంది. లేవమంటే లేవదు."

"మా అత్తయ్యా?"

"ఆవిడే. రీడింగ్స్ బ్రహ్మాండంగా వస్తున్నాయ్. నువ్వు రెస్టు తీసుకో."

పొద్దు వాలుతూండగా అత్తయ్య జీపు దిగింది. ఒళ్ళంతా మిరప ఘాటు, వస్తూనే దగ్గు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా మంచం మీద కూర్చుని చీర కుచ్చిళ్ళు కాస్త పక్కకి జరిపి నడుము చూపించింది. బెల్టు ఒరుసుకున్నచోట చెమటకి దద్దురు తేలి ఎర్రగా కమిలిపోయింది.

"నీ బెల్టు గుచ్చుకుంటుంది అమ్మాయ్. ఆ కుట్టు లోపలికి మడిచి కుట్టు" అంది.

"మీరెందుకు కట్టుకున్నారు అత్తయ్యా?"

"నీకేమన్నా దానివల్లే అయ్యుంటే, నాకూ ఏదో ఒకటి అవ్వాలిగా. చూద్దామని."

"మీకేమవుతుంది? మీరేమన్నా నెల తప్పారా?"

ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వితే కడుపు కదులుతుందని భయపడి మధ్యలోనే ఆపేశాను. ఆవిడ అది గమనించింది. కాసేపు నడుం మీద దద్దురుకి కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చుంది. తర్వాత నా వైపు చూడకుండానే చెప్పింది.

"నాకూ తొలిచూలు నిలబడలేదు. మూడో నెలే. అప్పుడు ఈ ఫోన్లు లేవు, టవర్లు లేవు. కొత్తగా ఉద్యోగం, పక్కూళ్ళో కాపురం, ఇవాళ పోయొచ్చిన ఊరికే సైకిలు మీద పోయేదాన్ని. మా అత్త అంది, సైకిలు తొక్కబట్టే పోయిందని. నేను నమ్మాను. సైకిలు మా తమ్ముడికి ఇచ్చేసి సర్వీసంతా నడిచే పోయా. వానైనా ఎండైనా నడకే. ఈ మోకాళ్ళు ఎందుకు పోయినై అనుకున్నావ్?"

పెళ్ళయినప్పటినుంచి ఆ మోకాళ్ళకి నేనే మందు రాస్తున్నాను.

"మా అత్త నాతో అన్న మాటే నేను నీతో అన్నా. నోరు ఊరుకోలా. ఏదో ఒక కారణం ఉంటే, అది మానేస్తే సరిపోద్ది అనిపిస్తది గదా. కారణమే లేదంటే ఇంక దేన్ని మానెయ్యాలి అమ్మాయ్?" అంది.

నేను ఆవిడ చెయ్యి తీసి నా కడుపు మీద పెట్టుకున్నాను. నాకూ అదే అనిపించిందని చెప్పాను. అంత చదివీ, ఆ స్టూలు మీద తిరుగుతూ మీ మాటే విన్నానని చెప్పాను. ఇద్దరం ఏడ్చాం. పక్కింటామె టీ పట్టుకుని లోపలికొచ్చి, జ్వరానికి ఇంత ఏడుపేమిటని విస్తుపోయి చూసింది.

ఐదో నెల వచ్చింది. చెప్పాల్సినవాళ్ళకి చెప్పాం, చర్చిలో మాత్రం అత్తయ్య లేవలేదు. పుట్టాకే లేస్తానంది. ఆ నెలలన్నీ నేను ఎలా గడిపానో నాకే తెలియదు. ప్రతి స్కానింగుకీ ముందురోజు అన్నం దిగేది కాదు. పాప పుట్టింది. బరువు తక్కువగా పుట్టినా, ఆసుపత్రి అంతా వినపడేలా ఏడ్చింది. అత్తయ్య ఆ ఆదివారం లేచి నిలబడి సాక్ష్యం చెప్పబోయి, ఒక్క మాట కూడా పెగలక కూర్చుండిపోయిందట. మా ఆయన చెప్పారు. చివరి అధ్యాయం కూడా రాశాను. భాగస్వాములతో కలిసి రాసిన పరిశోధన వ్యాసంలో, పరీక్షలో పాల్గొన్నవాళ్ళకి కృతజ్ఞతలు అని ఒక వాక్యం ఉంటుంది. అందులో ఒక రిటైర్డ్ టీచరు ఉన్నారని అది చదివినవాళ్ళకి ఎవరికీ తెలియదు.

సెలవు అయ్యాక కాలేజీకి మళ్ళీ వెళ్ళే రోజు. నా బెల్టుని ల్యాబ్‌లో కొత్తగా కుట్టించారని, కుట్టు లోపలికి మడిచారని, ఆ రోజే కొలతలని గైడ్ గారు చెప్పి ఉన్నారు. అత్తయ్య వరండాలో పాపని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. చెప్పులు తొడుక్కుంటూ అడిగాను.

"అత్తయ్యా, సైకిలు వల్ల కాదని మీకు ఎప్పుడు తెలిసింది?"

"ఎప్పుడో తెలిసింది. బస్తాలు మోసేవాళ్ళకి పండంటి పిల్లలు పుట్టడం నా కళ్ళ ముందే చూశాగా."

"మరి తెలిశాక మళ్ళీ ఎక్కారా?"

"లేదు."

"ఏం?"

ఆవిడ పాప నెత్తి మీద కుచ్చుటోపీ సర్దింది. "నువ్వు ఇవాళ కట్టుకుంటావా?" అంది.

కాలేజీ బస్సు వచ్చేసిందని చెప్పి గేటు తీసుకుని బయటికి నడిచాను. బస్సు ఇంకా రాలేదు.